ప్రైవేటు రిజర్వులో రెండు రాత్రులా, మూడా? ఆ డబ్బు దేనికి పోతుందంటే

మీరిద్దరూ, అమ్మానాన్నలు, ఏడేళ్ళ పాప. మే నెలలో విజయనగరం నుంచి జొహానెస్‌బర్గ్‌లో ఉన్న మీ తమ్ముడి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడ సింహాలు, ఏనుగులు తిరిగే క్రూగర్ జాతీయ పార్కు పక్కన సాబీ శాండ్ అనే ప్రైవేటు రిజర్వులో అతనొక లాడ్జి చూశాడు. పెద్దవాళ్ళకి తలకి, రాత్రికి 12,000 రాండ్లు, పాపకి సగం. రాండు ఐదు రూపాయల చొప్పున వేసుకుంటే అయిదుగురికీ రాత్రికి 2,70,000 రూపాయలు, రెండు రాత్రులకి 5,40,000. "ఇదేం ధరండీ బాబూ, సొంత కారులో క్రూగర్‌లో తిరిగితే అవే జంతువులు కనపడవా?" అన్నది మీ ఉత్తరంలోని ప్రశ్న.

కనపడతాయి. ఒక్కోసారి ఎక్కువే కనపడతాయి. అయినా వెళ్ళమనే చెప్తాను. కాకపోతే ఆ లాడ్జికి కాదు, రెండు రాత్రులకీ కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. గరివిడి ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేసుల దగ్గర పని నేర్చుకుని, ఆ పనితోనే దక్షిణాఫ్రికా వెళ్ళి, మిడెల్‌బర్గ్ వైపు ఫెర్రోక్రోమ్ కర్మాగారాల్లో తొమ్మిదేళ్ళు చేశాను. ఎన్4 రోడ్డెక్కితే మూడు గంటల్లో క్రూగర్ గేటు. మన వాళ్ళు శని ఆదివారాలు భీమిలి బీచికి పోయినట్టు మేం అక్కడికి పోయేవాళ్ళం. పార్కులోకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ప్రైవేటు లాడ్జీల్లో మాత్రం ఏడుసార్లు ఉన్నాను. అందులో రెండుసార్లు కంపెనీ ఖర్చు, మిగతావి నా జేబులోంచే.

ముందు ఈ ప్రైవేటు రిజర్వు అంటే ఏమిటో చెప్పాలి. క్రూగర్ జాతీయ పార్కు 19,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, అంటే 2022లో విడగొట్టక ముందువి, రెండూ కలిపినా పన్నెండు వేల చిల్లరే. ఆ పార్కుకి పడమటి అంచున, పార్కు యాజమాన్యంలో కాక విడిగా నడిచే అడవులు, సాబీ శాండ్, మన్యెలెటి, టింబవాటి, క్లాసెరీ అని రిజర్వులున్నాయి. సాబీ శాండ్‌కీ క్రూగర్‌కీ మధ్య ఒకప్పుడు కంచె ఉండేది. 1993లో తీసేశారు. కాబట్టి పార్కులో చూసిన సింహమే రేపు రిజర్వులో కనపడొచ్చు. జంతువుకి హద్దు లేదు, హద్దు మనకే. పార్కులో రోడ్డు దిగకూడదు, కారు దిగకూడదు, తారు మీద 50, మట్టి మీద 40 దాటకూడదు. మే నెలలో ఉదయం ఆరింటికి గేటు తీస్తారు, సాయంత్రం అయిదున్నరకి మూసేస్తారు. రిజర్వులో లాడ్జి జీపు పొదల్లోకి దిగొచ్చు, చీకటి పడ్డాక కూడా తిరగొచ్చు, ఒక జంతువు దగ్గర రెండు మూడు బళ్ళకి మించి ఉండవు. నాలుగో బండి దూరంగా ఆగి రేడియోలో తన వంతు కోసం కనిపెట్టుకుని ఉంటుంది. పార్కులో రోడ్డు పక్కన సింహం పడుకుందంటే ముప్ఫై నలభై కార్లు! సింహాచలం చందనోత్సవం నాటి క్యూ గుర్తొస్తుంది. వెనక కారు వాడి టైర్లు చూసి ఇంటికొచ్చిన రోజులు నాకున్నాయి.

సరే, ఇంకా అసలు విషయానికి రాలేదు. ఆ 12,000లో మంచం, స్నానాల తొట్టి, గది ముందు బుల్లి ఈతకొలను, రాత్రి మంట చుట్టూ భోజనం అన్నీ ఉంటాయి. వాటి ఫొటోలు చూసే మీ తమ్ముడు మురిసుంటాడు. నా దృష్టిలో మీరు డబ్బిచ్చేది ఇద్దరు మనుషులకి. స్టీరింగు దగ్గర కూర్చునే రేంజరు ఒకరు. బానెట్ ఎడమ మూలన బయటికి బిగించిన కుర్చీలో, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని జంతువుల అడుగులు వెతికే ట్రాకరు రెండోవారు. ట్రాకర్లు చాలావరకు అక్కడి షంగాన్ తెగవాళ్ళే. పార్కులో పెద్ద క్యాంపు పేరు స్కుకుజా. అది తొలి వార్డెన్ స్టీవెన్‌సన్ హామిల్టన్‌కి ఆ జనం పెట్టిన పేరు, ఊడ్చేసేవాడు అని అర్థం. వాళ్ళ ఊళ్ళని అక్కణ్ణుంచి లేపేసినందుకు పెట్టారు. అలా లేచిపోయిన కుటుంబాల మనవలు ఈరోజు మనకి అదే నేల మీద అడుగులు చూపిస్తున్నారు. కాఫీకి ఆగినప్పుడు కదిపితే చెప్తారు.

ఒక జూలై ఉదయం. చలి ఎముకల్లోకి దిగుతోంది, మా ఆవిడ దుప్పటి ముసుగులోంచి "ఇంత డబ్బు పోసి చలికి చావడానికొచ్చామేటండీ" అంటోంది. ఎండిపోయిన గెడ్డ ఒకటి దాటుతుంటే ట్రాకరు చెయ్యెత్తాడు. బండి ఆగింది. దిగి, వంగి, ఇసక చూశాడు. ఇంజను చప్పుడు లేదు. నాకైతే అక్కడ ఇసక తప్ప మరేం కనపడలేదు. రేంజరు నన్ను దిగనిచ్చి వేలితో చూపించాడు. పైన చెట్టు ఆకుల మీంచి రాత్రి మంచు చుక్కలు రాలి, ఇసకంతా సన్నగా గుంటలు పడి ఉంది, మినపట్టు మీద లేచిన చిల్లుల్లాగ. చిరుత పాదం ఆ గుంటల్ని నొక్కేసింది. అంటే మంచు రాలడం అయ్యాక నడిచింది. పక్కనే రాత్రి తిరిగే ఏదో పురుగు గీసిన సన్నని గీత ఉంది, సరిగ్గా పాదం దగ్గర తెగిపోయింది. అంటే పురుగు తర్వాతే చిరుత. "గంట కూడా అయ్యుండదు" అన్నాడు.

తర్వాత ఇద్దరూ తుపాకీ పట్టుకుని పొదల్లోకి వెళ్ళిపోయారు. మేం ఆరుగురం బండిలో, ఎవరూ దగ్గట్లేదు. ఇరవై నిమిషాలయ్యాక ఎక్కడో ఉడత ఒకటి ఆగకుండా కిచకిచమని తిట్టడం మొదలెట్టింది. వాళ్ళు పరుగులాంటి నడకతో తిరిగొచ్చి బండెక్కారు, ఆ ఉడత గొంతు పట్టుకుని వెళ్ళాం. మరూలా చెట్టు కొమ్మ మీద ఆడ చిరుత, దాని ముందు ఇంపాలా జింక. చిరుత తినట్లేదు, పళ్ళతో బొచ్చు పీకి పక్కకి ఉమ్ముతోంది. తినేముందు అలా శుభ్రం చేసుకుంటుందట. ఆ గోధుమ వెంట్రుకలు గాలికి నెమ్మదిగా తేలుతూ వచ్చి మా బానెట్ మీద, ట్రాకరు టోపీ మీద వాలాయి. మా ఆవిడ చలి మాట మళ్ళీ ఎత్తలేదు.

సొంత కారులో నేను చూసిన చిరుతలున్నాయి. కానీ ఆ ఇసకని నేను ఒంటరిగా వందసార్లు దాటినా చదవలేను. నేను డబ్బు కట్టింది ఆ చదువుకి. అందుకే ఎవరడిగినా మంచి గది కోసం చూడకండి, ఇంకో రాత్రి కోసం చూడండి అంటాను. రెండు రాత్రులంటే నాలుగు డ్రైవులు, అంటే జీపులో జంతువుల కోసం తిప్పే పూటలు. మొదటి సాయంత్రం ప్రయాణ బడలికలో పోతుంది, రెండోరోజు ఏ వానో గాలో వచ్చిందంటే మీ అయిదు లక్షలూ గాలికే. మూడు రాత్రులంటే ఆరు డ్రైవులు. అదే రేంజరు, అదే ట్రాకరు మీతోనే ఉంటారు. మూడో రోజుకి మీకేం కావాలో వాళ్ళకి తెలుస్తుంది, నిన్న వదిలేసిన అడుగు దగ్గర్నుంచి ఇవాళ మొదలెడతారు. రాత్రికి 12,000 అయ్యే లాడ్జిలో రెండు రాత్రుల ధరకి 8,000 లాడ్జిలో మూడు రాత్రులు వస్తాయి. టింబవాటి, మన్యెలెటి వైపు ఆ ధరలు దొరుకుతాయి, సాబీ శాండ్‌లో కూడా వెతికితే లేకపోవు. బుల్లి ఈతకొలను ఉండకపోవచ్చు. మే నెల చలిలో మీరందులో దిగరు ఎలాగూ.

ఇక్కడ మా అప్ప సంగతి చెప్పకపోతే కుదరదు. వాళ్ళ అత్తవారిది కొమరాడ దగ్గర. 2018లో ఒడిశా వైపు నుంచి ఏనుగుల మంద దిగిన దగ్గర్నుంచీ ఆ వైపు జనం ఎలా బతుకుతున్నారో మీకు తెలుసు. మొక్కజొన్న, అరటి, చెరుకు, ఏది వేసినా రాత్రికి రాత్రి నేలమట్టం. 2019 మేలో అప్పనీ బావనీ మా దగ్గరికి రప్పించుకున్నాను, గొప్పకి పోయి లాడ్జికి తీసుకెళ్ళాను. మొదటి సాయంత్రం మలుపు తిరగ్గానే రోడ్డు మీద మగ ఏనుగు. మన ఏనుగు కంటే బాగా ఎత్తు, చెవులు చేటల్లా కాదు, చాపల్లా ఉన్నాయి. వెనక సీట్లో ఇంగ్లండు వాళ్ళు సంతోషంతో ఊపిరి బిగబట్టారు. మా అప్ప సీట్ల మధ్య కిందకి జారిపోయి బావ పంచె పట్టుకుంది. "ఓరే, మన మొక్కజొన్న మేసిపోయినోడి అన్నలాగున్నాడురా. మా ఊళ్ళో డబ్బెడితే అవతలకి తోలడానికి ఎడతాం. నువ్వు డబ్బెట్టి ఎదురెళ్తన్నావేటి?"

నేను నవ్వాను, రేంజరు నవ్వలేదు. ఏమందో అడిగి చెప్పించుకున్నాడు. ఇంజను ఆపకుండా, నెమ్మదిగా, మనిషి నడిచేంత వేగంతో బండి వెనక్కి తీశాడు. ఏనుగు నాలుగడుగులు ముందుకేసింది. ఇతను ఇంకొంచెం వెనక్కి. కణతల దగ్గర తడిగా కారుతున్న చార చూపించి, మదం మీద ఉంది, దారి దానిదే అన్నాడు. తల అడ్డంగా విదిలించింది, చెవులు టపామని కొట్టుకున్నాయి, దుమ్ము లేచింది. ఓ అయిదు నిమిషాలకి కొమ్మ ఒకటి విరిచి, మనల్ని మర్చిపోయినట్టు తింటూ పక్కకి తప్పుకుంది. అప్పటికి అప్ప సీటు మీదకొచ్చి కూర్చుంది. "అయితే వెనక్కెళ్తే ఊరుకుంటాదన్నమాట" అంది. తర్వాత రెండురోజులూ రేంజర్ని అడిగిందంతా ఏనుగు గురించే: ఎప్పుడు మీదకొస్తుంది, ఎప్పుడు బెదిరిస్తుంది, పిల్ల ఉంటే ఎంత దూరం ఉండాలి. సింహం వచ్చినా ఆవిడ పట్టించుకోలేదు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయినప్పుడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. పంట పోయినవాళ్ళ తరఫున మాట్లాడిందో, ఏనుగుల తరఫున మాట్లాడిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

బండిలో ఒక్క నియమం గట్టిగా పాటించండి, పాపకి ముందే చెప్పి ఉంచండి: లేచి నిలబడకూడదు, చెయ్యి బయటికి చాపకూడదు. కూర్చుని ఉన్నంతసేపు జంతువుకి బండీ మనుషులూ కలిసి ఒక్క ఆకారం. నిలబడితే ఆ ఆకారం విడిపోతుంది. పైకప్పు, కిటికీలు లేని బండి అది. అన్నట్టు చాలా లాడ్జీలు ఆరేళ్ళలోపు పిల్లల్ని డ్రైవుకి రానివ్వవు, కొన్ని పన్నెండు దాకా అసలు లాడ్జిలోకే రానివ్వవు. ఏడేళ్ళు అని ముందే రాసి, రానిస్తామని వాళ్ళ చేత జవాబు రాయించుకోండి. నడక సఫారీకి మాత్రం పాపని రానివ్వరు.

మోసపోయిన కథ కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. వెళ్ళిన కొత్తలో జొహానెస్‌బర్గ్‌కి దగ్గర్లో, అయిదు పెద్ద జంతువులూ (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న) ఉన్న ప్రైవేటు రిజర్వు అని ప్రకటన చూసి డబ్బు కట్టేశాను. తీరా వెళ్తే సింహాలకి వేరే కంచె, మధ్యాహ్నం మాంసం వేసే వేళకి మనల్ని తీసుకెళ్తారు. పక్కనే సింహం పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఫొటో తీయించుకునే షెడ్డు, దానికి వేరే టిక్కెట్టు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతాయని అడిగితే ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. తర్వాత తెలిసింది, అలా పెంచినవి చాలావరకు కంచెలోనే వేటగాళ్ళ తుపాకీకి పోతాయని. 2021లో అక్కడి ప్రభుత్వమే ఈ బోను సింహాల పెంపకం ఆపాలని ప్రకటించింది. కాబట్టి డబ్బు కట్టేముందు మూడు అడగండి. రిజర్వు ఎన్ని హెక్టార్లు, అందులో మీ బండి ఎంత మేర తిరగొచ్చు? క్రూగర్‌తో కంచె ఉందా? సింహాలు అన్నిటితో కలిసే తిరుగుతాయా? వీటికి డొంకతిరుగుడు జవాబొస్తే వదిలేయండి.

ఇప్పుడు మీ ప్రయాణం. మీరు మే నెల ఎంచుకోవడం అదృష్టం. మన వేసవి సెలవులే వాళ్ళకి చలికాలం మొదలు. వానలు ఆగి, గడ్డి ఎండి, నీళ్ళ గుంటల దగ్గరికే జంతువులు రావాలి. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళిన మా బంధువులకి పచ్చటి గోడ తప్ప ఏం కనపడలేదు. ముందు పార్కులో రెండు మూడు రాత్రులుండండి, స్కుకుజాలోనో లోయర్ సాబీలోనో. మనిషికి రోజుకి అయిదారు వందల రాండ్ల ప్రవేశ రుసుము, కాటేజీ అద్దె వేరు. ఆ రెండు క్యాంపుల మధ్య సాబీ నది ఒడ్డున పోయే తారు రోడ్డులో ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట నెమ్మదిగా పోయి రండి. లోయర్ సాబీ పక్కన సన్‌సెట్ డ్యామ్ దగ్గర కారు ఆపి కూర్చుంటే నీటి ఏనుగులు, మొసళ్ళు, కొంగలు. తేలినీలాపురం పక్షుల్ని చూసినవాళ్ళకి ఈ డ్యామ్ దగ్గరి పసుపు ముక్కు కొంగలు మన ఎర్రకాళ్ళ కొంగలకి పినతల్లి పిల్లల్లా కనపడతాయి. జిరాఫీలు, జీబ్రాలు, ఏనుగులు పార్కులోనే తనివితీరా చూసేస్తే, రిజర్వులో మీ రేంజరుకి "చిరుత, అడవి కుక్కలు" అని చెప్పొచ్చు. తిన్నగా లాడ్జికి వెళ్ళినవాళ్ళు మొదటి రెండు డ్రైవులూ ఇంపాలాల ఫొటోలకే ఖర్చు పెడతారు.

లాడ్జికి మధ్యాహ్నం ఒంటిగంట, రెండు లోపు చేరాలి. ఆలస్యమైతే సాయంత్రం డ్రైవు పోయినట్టే, దాని డబ్బు తిరిగి రాదు. హేజీవ్యూ దాటాక చివర్లో మట్టి రోడ్డు గంట పైనే పడుతుంది. ఆ రోడ్ల మీద చీకట్లో కారు నడపొద్దు, పశువులూ గోతులూ రెండూ ఉంటాయి. రిజర్వు గేటు దగ్గర బండికి రుసుము, రాత్రికింత అని సంరక్షణ రుసుము ధరలో కలిపి ఉండవు, తమ్ముణ్ణి కనుక్కోమనండి. చిన్న విమానంలో వెళ్తే మాత్రం సామాను 20 కిలోలకి మించనివ్వరు, అదీ మెత్తటి సంచుల్లో.

మలేరియా విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మే అంటే అక్కడ మలేరియా కాలం చివర, ప్రమాదం పూర్తిగా పోయినట్టు కాదు. మీ కుటుంబంలో చిక్కేమిటంటే మలేరియా రాకుండా వేసుకునే మాత్ర ఒకటే అందరికీ పనికిరాదు. పాపకి ఎనిమిదేళ్ళు నిండలేదు కాబట్టి మామూలుగా డాక్సీసైక్లిన్ ఇవ్వరు. నాన్నగారికి క్రియాటినిన్ ఎక్కువని రాశారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి రెండోది, అటోవాక్వోన్-ప్రొగ్వానిల్, ఇవ్వకూడదు. ఆయనది కవిటి వైపని రాశారు గనక ఉద్దానం కిడ్నీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మందుల షాపులో అడిగి కొనేయకుండా ఆయన్ని చూసే కిడ్నీ డాక్టరు దగ్గరికి తాజా రిపోర్టులతో వెళ్ళండి. డాక్సీసైక్లిన్ తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, రెండోది వారం. ఇంటికొచ్చాక మానేసేవాళ్ళే ఎక్కువ. డాక్టరు వద్దంటే మలేరియా లేని మడిక్వే, పిలానెస్‌బర్గ్ రిజర్వులున్నాయి, జొహానెస్‌బర్గ్ నుంచి కారులోనే వెళ్ళొచ్చు. అవి కూడా బాగానే ఉంటాయి, సాబీ శాండ్ చిరుతలంత దగ్గరగా మాత్రం చిరుతలు దొరకవు.

ఎల్లో ఫీవర్ టీకా అని ఎవరో మిమ్మల్ని బెదిరించారు. మన దేశం నుంచి నేరుగా దక్షిణాఫ్రికాకి అక్కర్లేదు. ఆ జ్వరం ఉన్న దేశాల్లోని ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా టిక్కెట్టు తీస్తే అక్కడ ఆగే సమయం పన్నెండు గంటలు దాటకుండా చూసుకోండి. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఆ తలనొప్పే లేదు. పాప జనన ధృవపత్రం మాత్రం మరవకండి.

నాన్నగారి మోకాళ్ళకి: బండి ఎత్తు ఎక్కువ, పక్కనున్న ఇనప మెట్ల మీదుగా ఎక్కాలి. మొదటి వరసలో, రేంజరు వెనకాల కూర్చోబెట్టండి. కుదుపు అక్కడ తక్కువ, వెనక వరస ఎత్తుగా ఉంటుంది గానీ నడుములు విరుగుతాయి. తెల్లవారి అయిదు, అయిదున్నరకి తలుపు కొట్టి లేపుతారు. కాఫీ, రస్కు తిని బండెక్కితే మూడు గంటల పైన. మధ్యలో ఒకసారి దిగి కాఫీ తాగుతారు. "ఒంటికి వెళ్ళాలి" అని మొహమాటపడకుండా చెప్పమనండి, రేంజరు పొద చుట్టూ చూసి చూపిస్తాడు. చలికి బండిలో దుప్పట్లు, వేడినీళ్ళ సంచులు ఇస్తారు. అయినా మంకీ టోపీలు, స్వెట్టర్లు తీసుకెళ్ళండి. ఖాకీ బట్టలు కొనక్కర్లేదు, తెలుపు, కళ్ళు మిరుమిట్లు గొలిపే రంగులు వద్దు, అంతే. నీలం వేస్తే సెట్సీ ఈగ కుడుతుందన్నది టాంజానియా సలహా. ఇక్కడ ఆ ఈగ 1896లో పశువుల మహమ్మారి వచ్చిపోయాకే మాయమైంది.

అమ్మగారి భోజనం గురించి బెంగ వద్దు, కాకపోతే "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. వాళ్ళ లెక్కలో గుడ్డు అందులోకే వస్తుంది, రస్కుల్లో కూడా ఉండొచ్చు. గుడ్డు లేదు, చేప లేదు, జెలటిన్ లేదు అని బుకింగ్ రోజే రాసి పంపండి. ఒక లాడ్జిలో వంటాయన డర్బన్ వాడు, ఇంటిపేరు నాయిడూ. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరిన దగ్గర్నుంచీ చెరుకు తోటల్లోకి పోయిన మనవాళ్ళ సంతతి. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు వీళ్ళు. ఆయనకి తెలుగు రాదు. వాళ్ళ అవ్వ రోజూ అనే మాట ఒక్కటి గుర్తుందని మా ఆవిడతో అన్నాడు, "అన్నం తిన్నావా". ఆ రాత్రి జాబితాలో లేని బీన్స్ కూర, రొట్టెలు మా బల్ల మీదకొచ్చాయి.

చీకటి పడ్డాక గది నుంచి భోజనాల చోటికి ఒంటరిగా నడవకూడదు, మనిషి వచ్చి తీసుకెళ్తాడు. చాలా లాడ్జీలకి కంచె ఉండదు, అది నిజంగా నిజం. మా గుమ్మం ముందు పొద్దున్నే సివంగి అడుగులు చూశాను. పగలు మాత్రం భయపడాల్సింది కోతులకి. వరండా తలుపు గడియ వేయకుండా స్నానానికి వెళ్ళాను. రెండు నిమిషాల్లో, రేంజరుకి ఇద్దామని మోసుకెళ్ళిన పలాస జీడిపప్పు కిలో పొట్లం చెట్టెక్కింది. చింపి, ఒక్కొక్క పప్పూ చూసుకుని తింది. పగిలిన బద్దలు కిందకి విసిరేసింది, అది మాత్రం నిజంగా కోపం తెప్పించింది.

బక్షీసు విషయం. రేంజరుకీ ట్రాకరుకీ వేరువేరుగా, చివరి రోజు, చేతికే ఇవ్వండి. వంటవాళ్ళకీ మిగతావాళ్ళకీ డబ్బా ఉంటుంది. నేను మా ఇద్దరి తరఫున రోజుకి రేంజరుకి 300, ట్రాకరుకి 300 రాండ్లు లెక్కేసి ఇచ్చేవాణ్ణి. చాలామంది ట్రాకరుకి సగం ఇస్తారు, మాట్లాడేది రేంజరు కాబట్టి. ఇసకలో అడుగు చూసింది ఎవరో గుర్తుపెట్టుకుంటే ఆ తేడా చూపించబుద్ధి కాదు. ఖడ్గమృగం కనపడితే ఫొటో తీసుకోండి, అది ఎక్కడ తీశారో చూపే లొకేషన్ మాత్రం ఫోన్లో ఆపేయండి. దొంగ వేటగాళ్ళు అవి కూడా చూస్తారు.

పాపకి సొంతంగా ఒక బైనాక్యులర్ కొనివ్వండి, చిన్నదైనా ఫర్వాలేదు. మీది లాక్కుని ఇవ్వదు, నా మనవడి అనుభవం. ప్లగ్గు మాట మర్చిపోయాను: అక్కడి గోడ సాకెట్టు మన ఇళ్ళలో ఏసీకి, గీజరుకి ఉండే లావు మూడు పిన్నులదే. ఫోన్ ఛార్జరు సన్న పిన్నులు అందులో నిలవవు. విజయనగరం ఏ కరెంటు సామాన్ల కొట్లో అడిగినా లావు పిన్ను నుంచి సన్న పిన్నుకి మార్చే అడాప్టరు ఇస్తారు, రెండు తీసుకోండి. జొహానెస్‌బర్గ్ ఎయిర్‌పోర్టులో కొంటే దానికే ఇంకో జీడిపప్పు పొట్లం డబ్బులవుతాయి.